మూలౌషధ పరిశ్రమయు మురుగునీటి లెక్కయు

అనకాపల్లి జిల్లాలో నక్కపల్లియొద్ద మూలౌషధముల పారిశ్రామిక వాటికకు 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన గావించిరి. ఇంచుమించు రెండువేల యెకరముల నేల యిందులకై కేటాయింపబడినది. మాత్రలుగను సూదిమందులుగను మారకపూర్వము రసాయనరూపమున నుండు అసలు మందునే మూలౌషధమందురు. బజారులో దీనికి బల్కుడ్రగ్గని పేరు. ఈ సరకులకై మనదేశము చీనాపై నెంతగా ఆధారపడియున్నదో 2020 నాటి మహమ్మారి దినములలో అందఱకును తేటపడినది. చాలకాలము నిలిచిపోయిన పెన్సిలిన్ తయారీ 2024లో కాకినాడ సమీపమున మరల ప్రారంభమైనప్పుడు సంతోషింపని దేశాభిమాని యుండడు. కావున నక్కపల్లిలో కర్మాగారములు లేచి నిలువవలెననియే మా కోరిక. ఈ మాట ముందుగనే చెప్పుచున్నాము. ఏలయన, క్రింద వ్రాయబోవునది చదివి మమ్ము పరిశ్రమలకు పగవారినిగ నెంచువారు కొందఱుండకపోరు.

అదే సంవత్సరమున రాజయ్యపేట మత్స్యకారులు ఈ వాటిక తమకు వలదని రోడ్డెక్కిరి. చదువులేనివారి బెదరని దీనిని కొట్టివేయుట తేలిక. కాని పరవాడ ఔషధనగరము వారికి మిక్కిలి దూరము కాదు. అచ్చటి కర్మాగారముల నీరు గొట్టముగుండ సముద్రము చేరుచున్నదని వారెఱుగుదురు. మందుల కర్మాగారము తన మురుగునేమి చేయునన్న ప్రశ్నకు అనుమతిపత్రములలో దొరకు సమాధానము వేఱు, ముప్పది యేండ్ల తరువాత వాగులో దొరకు సమాధానము వేఱు. అట్టి వాగు మన తెలుగునాటనే యొకటి యున్నది. దాని పేరు నక్కవాగు. నక్కపల్లికిని దానికిని పేరులోని పోలిక యాదృచ్ఛికమే. పోలిక అంతటితో ఆగవలెనన్నదే మా తాపత్రయము.

హైదరాబాదు మూలౌషధములకు రాజధాని యెట్లయ్యెనో పాఠకులలో పెద్దలకు జ్ఞాపకముండును. 1960 దశాబ్దమున సోవియట్ సహాయముతో బాలానగరునందు ప్రభుత్వ యాజమాన్యమున ఐ.డి.పి.యల్. కర్మాగారము నెలకొల్పబడెను. మన రసాయనశాస్త్ర పట్టభద్రులకు అదియే పాఠశాల యయ్యెను. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు పేటెంటు నిరాకరించి, దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే యిచ్చెను. అనగా విదేశీ సంస్థ కనిపెట్టిన మందునే మఱియొక మార్గమున చేయగలవానికి అడ్డులేదు. ఐ.డి.పి.యల్.లో పని నేర్చి వెలుపలికి వచ్చినవారును, వారిని జూచి ధైర్యము తెచ్చుకొన్నవారును పటాన్‌చెరులోను, బొల్లారములోను, జీడిమెట్లలోను రియాక్టర్లు నిలిపిరి. విదేశీ సంస్థలు అడుగు వెలలో కొద్దిపాటికే మందు లోకమునకు దొరకెను. పేదవాని ప్రాణము నిలిపిన ఆ కౌశలమును తక్కువచేసి మాటాడుట కృతఘ్నత యగును.

అయితే ఆ కౌశలము ఏ వ్యాపార వ్యూహముపై నిలిచెనో విచారింపవలసియున్నది. మందు ఒక్కటే, అమ్మకందార్లు పదులకొలది. ఒకని సిప్రోఫ్లాక్సాసిన్‌కును వేఱొకని సిప్రోఫ్లాక్సాసిన్‌కును గుణమున భేదము లేదు, ఉండరాదు కూడ. కొనువాడు చూచునది వెలమాత్రమే. కిలోకు పదిరూపాయలు తగ్గించినవానిదే బేరము. ముడిసరకు ధర అందఱకును దాదాపొక్కటే, కూలి యొక్కటే, కరెంటు ఛార్జీ యొక్కటే. ఇక తగ్గింపదగిన ఖర్చేది? అడుగువాడు లేని ఖర్చు. 1992లో రోజర్ షెల్డన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరిశ్రమల వ్యర్థములకు లెక్కకట్టి, మందుల తయారీలో కిలో సరకునకు 25 మొదలు 100 కిలోలు, ఒక్కొక్కయెడ అంతకుమించియు వ్యర్థము పుట్టుచున్నదని చూపెను. చమురుశుద్ధి కర్మాగారములలో నది కిలోకు పదవవంతు మాత్రమే. తూకముచొప్పున జూచినచో మందుల కర్మాగారము ముఖ్యముగ తయారుచేయునది వ్యర్థము. మందు అందులో నొక చిన్న పాలు. అట్టిచోట వ్యర్థమునకు ఖర్చు పెట్టనివాడు ఖర్చు పెట్టువానిని టెండరులో సులభముగ ఓడించును.

వ్యాపారసంస్థల నడవడిని పరిశీలించిన పండితులు ఈ సంగతి వేఱు మాటలలో చెప్పిరి. 1978లో మైల్స్, స్నో అను అమెరికావారు సంస్థలను వాని వ్యూహమునుబట్టి విభజించి, క్రొత్త సరకులు క్రొత్త విపణులు వెదకువానిని ఒకవైపునను, ఉన్న సరకునే చౌకగ చేసి తమ చోటు కాపాడుకొనువానిని ఇంకొకవైపునను నిలిపిరి. అటుపిమ్మటి పరిశోధకులు పర్యావరణరక్షణకు ఈ విభాగమునన్వయించి, మొదటి తెగవారు తయారీ పద్ధతినే మార్చుటకు మొగ్గుచూపుదురనియు, రెండవ తెగవారు చట్టము కోరినమేర గొట్టము చివర శుద్ధియంత్రమును తగిలించి యూరకుందురనియు వాదించిరి. శాస్త్రగ్రంథములు చదువని వర్తకునికిని ఇది తెలిసినదే. ఒక సంస్థ తన మురుగును ఎట్లు చూచుకొనునో తెలియవలెనన్న శుద్ధియంత్రమున్న చోటికి పోనక్కఱలేదు. అది సరకును ఏమి చెప్పి అమ్ముచున్నదో విన్న చాలును.

నక్కవాగు కథ మన భూస్వాములెల్ల నెఱుగదగినది. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల నీరు ఇసుకవాగు మీదుగ నక్కవాగులోనికిని, నక్కవాగుగుండ మంజీరలోనికిని చేరెను. మంజీర గోదావరికి ఉపనది. వాగునీటితో మళ్లు తడుపుకొను రైతుల పైరులు చెడెను. బావులు రంగు మారెను. పశువులు ఆ నీటిని ముట్టవాయెను. 1990లో ఒక స్వచ్ఛందసంస్థ సుప్రీముకోర్టు నాశ్రయించెను. జిల్లా న్యాయమూర్తి విచారణ జరిగెను, పరిహారమునకు ఉత్తరువులు వెలువడెను, గ్రామములకు త్రాగునీరు వేఱుచోటినుండి తేవలసివచ్చెను. వ్యాజ్యము 2001లో ఇచ్చటి ఉన్నతన్యాయస్థానమునకును, తరువాత జాతీయ హరిత న్యాయస్థానమునకును బదిలీ యయ్యెను. 2017లో తీర్పు వచ్చెను. ఇరువదియేడేండ్లు! దావా వేసిననాడు పుట్టిన శిశువు తీర్పునాటికి సంసారియై యుండును. ఎకరమున్నర చేను గల రైతు ఇంతకాలమెట్లు వేచియుండగలడు? చెడిన చేను చెడిన వెలకే అమ్మి పట్టణమునకు పోవును. ఆ చేనే పిమ్మట ఏ గోదాముగనో లేయవుటుగనో మారును. ఈ నష్టము ఏ కంపెనీ జమాఖర్చుల పట్టికలోను కనబడదు.

కర్మాగారములవారు ఏమియు చేయలేదని మేమనము. 1990 దశాబ్దమున పటాన్‌చెరులో సాముదాయిక శుద్ధికేంద్రము నేర్పడెను. చుట్టుప్రక్కల సుమారు తొంబది మందుల కర్మాగారములు తమ వ్యర్థజలమును దానికి పంపుచుండెను. చిన్నవారు విడివిడిగ యంత్రములు పెట్టుకొనలేరు కదా యన్నది దీనికి హేతువు, సమంజసమైన హేతువే. కాని దీనివలన నొక విపరీతము కలిగెను. తొంబదిమంది నీరు ఒక్క తొట్టిలో కలిసినపిమ్మట ఏ విషమెవనిదో చెప్పువాడు లేడు. పంపినవాడు రుసుము చెల్లించి చేతులు కడుగుకొనెను. తన రియాక్టరులో మందు ఎంత మిగిలి మురుగులో పోవుచున్నదో వెదకి, పద్ధతి మార్చి, దానిని రాబట్టుకొనవలెనన్న ప్రేరణ వానికి నశించెను. పైగా ఆ కేంద్రము నిర్మింపబడినది సామాన్యమగు మురుగుబలమును తగ్గించుటకు. మందును తొలగించుటకు గాదు. అందలి సూక్ష్మజీవుల పోషణకై ఇండ్ల మురుగును కూడ కలుపుచుండిరి.

2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ఈ కేంద్రమునుండి శుద్ధియై వెలువడు నీటిని పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తమున నుండుదానికంటె ఇది యెక్కువ. ఒక్కదినమున ఆ కేంద్రమునుండి పోవు సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని వారు లెక్కించిరి; తొంబది లక్షల జనులున్న స్వీడను దేశమంతయు ఐదుదినములలో వాడునంత మందు. ఇది పారవేయబడిన సరకు అని వర్తకులైన పాఠకులు గమనింతురుగాక. కిలోకు పదిరూపాయలకై పోరాడువారు దినమునకు 45 కిలోలు వాగుపాలు చేయుచుండిరి! ఒక్కొక్కని వంతు అల్పమగుటచే అది యెవని కంటను పడలేదు.

ఇందలి అపాయము వాగు గట్టున ఆగదు. యాంటీబయాటిక్ మందు పలుచగ కలిసిన నీటిలో పెరుగు సూక్ష్మజీవులు దానికి లొంగకుండుట నేర్చును. ఆ విద్యను ఇతర సూక్ష్మజీవులకును అందించును. మందులకు లొంగని సూక్ష్మజీవులవలన 2019లో లోకమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని 2022లో ప్రకటితమైన గణన చెప్పుచున్నది. ఇందుకు మూలకారణము మనుష్యులును పశువులును అతిగ మందులు వాడుటయే. కర్మాగారముల వంతు ఎంతయో ఎవరును ఖచ్చితముగ కొలువలేదు. అయినను తాను చేసిన మందు ఫలింపకుండ తానే తోడ్పడు పరిశ్రమ లోకమున వేఱొకటి యున్నదా యని మాకనుమానము.

పిమ్మట ఏమి జరిగెను? శుద్ధికేంద్రపు నీటిని పటాన్‌చెరునుండి అంబరుపేటలోని నగర మురుగుశుద్ధి కేంద్రమునకు దాదాపు 18 కిలోమీటర్ల గొట్టముగుండ తరలించు ఏర్పాటు జరిగెను. అంబరుపేట నీరు మూసీలో పడును. మూసీ నల్లగొండ జిల్లాలో వరిచేలను తడిపి కృష్ణలో కలియును. గోదావరి పరీవాహమున పుట్టిన కష్టమును కృష్ణా పరీవాహమునకు దత్తతనిచ్చిన ఇంజనీర్ల చాతుర్యమును మెచ్చుకొనవలసినదే. నల్లగొండ రైతులను మాత్రము ఎవరడిగిరి?

ఇంతకును వేఱు మార్గము లేదా? ఉన్నది, లేకపోయిన మేమీ వ్యాసము వ్రాయకుందుము. నొప్పిమందగు ఐబుప్రొఫెన్‌ను 1960 దశాబ్దమున ఇంగ్లండులోని బూట్సు సంస్థ ఆఱు అంచెలలో తయారుచేయుచుండెను. వాడిన ముడిసరకులో నూటికి నలుబది పాళ్లే మందగుచుండెను, తక్కినది వ్యర్థము. పేటెంటు గడువు తీరినపిమ్మట ఒక క్రొత్త కూటమి మూడే అంచెల పద్ధతి కనిపెట్టి 1992లో టెక్సాసునందు కర్మాగారము నిలిపెను. ముడిసరకులో నూటికి డెబ్బదియేడు పాళ్లు మందాయెను. ఆ కూటమికి వాగులపై కరుణ కలిగి ఇట్లు చేసెనని మేమనుకొనము. చౌకగ అమ్మవలెననియే చేసెను. ఫైజరు సంస్థ తన సెర్‌ట్రలిన్ అను మందు తయారీని మార్చుకొనుటచే, టన్నుకు 60,000 గ్యాలన్ల సాల్వెంట్లు పట్టుచోట 6,000 గ్యాలన్లు చాలెను. నాలుగురకముల సాల్వెంట్ల స్థానమున ఎథనాలొక్కటియే మిగిలెను. సరకు రాబడి రెట్టింపయ్యెను. 2002లో ఆ పనికి అమెరికా ప్రభుత్వ పురస్కారము లభించెను. పెన్సిలిన్‌నుండి అమాక్సిసిలిన్ మొదలగువానికి మూలమగు పదార్థమును పూర్వము సున్నకు నలుబది డిగ్రీల దిగువ శీతలమున, ఫాస్ఫరసు క్లోరైడు వంటి ఉగ్రపదార్థములతో విడదీయుచుండిరి. ఇప్పుడు ఒక ఎంజైము ఆ పనిని నీటిలో, మనుష్యశరీరపు వేడిమివద్దనే చేయుచున్నది. ఆ ఎంజైమును మరల మరల వాడుకొనవచ్చును.

కావున వెల తగ్గించుట దోషమని మేము చెప్పుట లేదు. వెల రెండు విధముల తగ్గును. సరకు చేయు పద్ధతిని తీర్చిదిద్ది వృథాను మాన్పుట యొకటి. వృథాను పొరుగువాని చేనిలోనికి త్రోయుట రెండవది. పట్టికలో రెండింటి లాభమును ఒక్కరీతిగనే కనబడును. మొదటిదానికి నాలుగైదేండ్ల పరిశోధన కావలెను, శాస్త్రజ్ఞులకు జీతములు కావలెను, మారిన పద్ధతికి ఔషధాధికారుల వద్ద మరల అనుమతి పొందవలెను. రెండవదానికి వానాకాలపు రాత్రి యొక్కటి చాలును. రాబోవు త్రైమాసికపు టెండరును మాత్రమే చూచువాడు మొదటి మార్గము పట్టడు. పట్టమని అతనికి ధర్మోపన్యాసము చేసిన ప్రయోజనము లేదు; మొదట ధర్మము పాటించినవాడే మొదట మునుగును.

ఈ పదునైదు ఇరువదియేండ్లలో తెలంగాణమున పెద్ద కర్మాగారములు కొన్ని మురుగును వెలికి విడువక లోననే ఆవిరిచేయు యంత్రములు పెట్టినవి. ఇది మెచ్చదగిన మార్పు. అయినను మరుగబెట్టుటకు ఆవిరి కావలెను, ఆవిరికి బొగ్గు కావలెను. అడుగున మిగిలిన ఉప్పును దుండిగల్ వంటిచోట పూడ్చవలెను. నీటి బాధ గాలికిని నేలకును పంచబడుచున్నది. ఇంతటి ఖర్చు పెట్టినవాడైనను, అదే ద్రవ్యములో కొంత తయారీ పద్ధతిపై పెట్టియుండిన మరుగబెట్టవలసిన నీరే తక్కువగ నుండెడిది కదా యని తలపోయవలెను. గొట్టము చివర పెట్టిన యంత్రము ఎంత గొప్పదైనను ఖర్చే. రియాక్టరులో చేసిన మార్పు ఆస్తి.

మఱి ప్రభుత్వమువారు ఏ వ్యూహమునకు ప్రోత్సాహమిచ్చుచున్నారు? 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము వ్యర్థజలమున యాంటీబయాటిక్ మందుల శేషమునకు హద్దులు విధించుచు ఒక ముసాయిదా ప్రకటించెను. 121 మందులకు హద్దులందు గలవు. లోకమున ఇట్టి చట్టమునకు మనమే మొదటివారమగుదుమని విదేశములందును ప్రశంస వచ్చెను. 2021లో వెలువడిన తుది నిబంధనలలో ఆ హద్దులు లేవు! హద్దులు కఠినములైనచో పరిశ్రమ చీనాకు తరలునని యజమానుల వాదము. ఈ వాదమునకు బలము లేకపోలేదు. కాని దానికి తగిన జవాబు హద్దులను సడలించుట, గడువిచ్చుట, చిన్న కర్మాగారములకు పద్ధతి మార్చుకొనుటకు తక్కువ వడ్డీకి అప్పిచ్చుట. హద్దులనే తుడిచివేయుట కాదు. హార్వర్డు ఆచార్యుడు మైకేల్ పోర్టరు 1995లో, చక్కగ రచింపబడిన నిబంధన పరిశ్రమను క్రొత్త పద్ధతులకు పురికొల్పి పోటీలో నిలుపునని వాదించెను. ఇది సర్వత్ర నిజమని మేము నమ్మము, మునిగినవారును గలరు. అయినను అందఱకును ఒకే హద్దున్నచోట శుభ్రముగ పనిచేయువాడు శిక్షింపబడడన్నమాట నిజము. 2018లో యాంటీబయాటిక్ మందులు చేయు సంస్థల సంఘమొకటి స్వయముగ హద్దులు ప్రకటించుకొనెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో మార్గదర్శకములు వెలువరించెను. కంపెనీలే ఒప్పుకొన్న హద్దును చట్టము ఒప్పుకొనకుండుట చిత్రము.

ఇంకొక సంగతి. మందులను పెద్దయెత్తున కొనువారిలో మన ప్రభుత్వములే యున్నవి. సర్కారు ఆసుపత్రులకు మందు కొనునప్పుడు, నాణ్యపు పరీక్ష దాటినవారిలో అతితక్కువ ధర వ్రాసినవానికే కంట్రాక్టు దక్కును. అనగా వాగు చెడుటకు ప్రతిఫలమును మనమే పన్నులరూపమున చెల్లించి, చెడిన వాగుకు పరిహారమును మరల మనమే అడుగుచున్నాము. నార్వేలో ఆసుపత్రులకు యాంటీబయాటిక్ మందులు కొను సంస్థ 2019 మొదలు, ధరతోపాటు కర్మాగారపు పర్యావరణ పద్ధతిని కూడ టెండరు తూనికలో చేర్చినది. అచ్చట కొనబడు మందులకు ముడిసరకు మన దేశమునుండియు పోవుచున్నది. నార్వే రోగికై చేయు మందు శుభ్రముగ చేసి, ఉస్మానియా ఆసుపత్రి రోగికై చేయునది ఎట్లైనను చేయవచ్చునా? రెండు తెలుగు ప్రభుత్వములును తమ టెండరులలో నూటికి పది పదునైదు పాళ్లు ఈ తూనిక పెట్టిన చాలును. వర్తకుని లెక్క మఱునాడే మారును. మందుల వెల కొంత పెరుగుననుటలో సందేహములేదు. ఆ వెలను ఇప్పుడు పటాన్‌చెరు రైతు చెల్లించుచున్నాడు.

నక్కపల్లి నేలపై శంకుస్థాపన జరిగి యెక్కువ కాలము కాలేదు. వ్యూహములు ఏర్పడకముందు షరతులు పెట్టుట సులభము, ఏర్పడినపిమ్మట దుర్లభము. సాముదాయిక తొట్టిలో కలియకముందే ప్రతి కర్మాగారపు నీటిని విడిగ కొలిచి, అందులో మిగిలిన మందునుబట్టి రుసుము విధింపవలెను. నీటి పరిమాణమునుబట్టి కాదు. అప్పుడు మందును రాబట్టుకొనుట యజమానికి లాభమగును, పద్ధతి మార్చుటకు రసాయనశాస్త్రజ్ఞుని నియమించుకొనుట లాభమగును. నేల యిచ్చునప్పుడే ప్రతి సంస్థ పరిహారనిధికి ధరావతు కట్టవలెను. ఇరువదియేడేండ్ల దావా మరల ఏ రైతునకును, ఏ మత్స్యకారునకును పట్టరాదు. సముద్రములోనికి పోవు గొట్టపు నీటి పరీక్షలు నెలనెల తెలుగులో పంచాయితీ కార్యాలయపు గోడకు అంటింపవలెను.

వీనికి చట్టసభలు, మంత్రులు, కంపెనీలు సమ్మతింపవలసియున్నది, కాలము పట్టును. ఒక్క పనికి మాత్రము ఎవరి సమ్మతియు అక్కఱలేదు. వాటికలోని బాయిలర్లు రాజుకొనక మునుపే చుట్టుప్రక్కల గ్రామముల బావులను, రాజయ్యపేట తీరపు నీటిని, అచ్చటి చేపలను పరీక్షించి, నేటి స్థితి యిదియని వ్రాసి, ప్రతులు గ్రామస్థుల చేతికీయవలెను. రేపు వివాదము వచ్చినప్పుడు నీరు ముందునుండియు ఇట్లే యుండెననువాని నోరు ఆ కాగితమొక్కటే మూయగలదు. దీనికి జిల్లా కలెక్టరు ఉత్తరువొకటి, విశాఖపట్టణపు ప్రయోగశాల యొకటి, రెండు మాసముల వ్యవధి చాలును.